చతురంగ సంకలితము



ఈనాటి ప్రసంగమునకు విషయము ఒకే యొక సంఖ్య. కాగితమును పెన్సిలును చేరువనున్నవారు ఎడమవైపునుండి మొదలిడి ఈ యిరువది యంకెలను వ్రాసికొందురుగాక: ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు, ఆరు, ఏడు, నాలుగు, నాలుగు, సున్న, ఏడు, మూడు, ఏడు, సున్న, తొమ్మిది, అయిదు, అయిదు, ఒకటి, ఆరు, ఒకటి, అయిదు. ఒక్క వరుసలో వ్రాసినచో 18446744073709551615. మన లెక్కింపు సంప్రదాయము ననుసరించి చదువవలెనన్నచో 1,84,467 కోటికోట్లు, 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615 అని చదువవలెను. వినుటకు దుర్గ్రహముగ దోచు ఈ సంఖ్య తెలుగువారికి క్రొత్తది కాదు. తెలుగున తొలి గణితగ్రంథమును సంతరించిన పావులూరి మల్లన పేరిట పండితులు చెప్పుకొను ఒక చంపకమాలలో ఇది ఒక్క యంకెయు తప్పక నిక్షిప్తమై యున్నది.

తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుడను జైన గణితజ్ఞుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించినవాడు మల్లన. అతడు పదునొకండవ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయము. ఆంధ్ర మహాభారతావతరణమునకు సమీపకాలముననే, భిన్నములును, క్షేత్రఫలములును, శ్రేఢులును తెలుగు పద్యములలో ఒదిగి బాలురచే వల్లింపబడుటకు యోగ్యము లగుట మన వాఙ్మయ చరిత్రలో సామాన్య విషయము కాదు. అయినను కావ్యముల కిచ్చిన గౌరవములో శతాంశమైనను ఆ గ్రంథమునకు మనము ఈయలేదని నా దృఢాభిప్రాయము.

సంఖ్యను పద్యమున నిలుపుటకు మన పూర్వులు వాడిన మార్గము భూతసంఖ్యా పద్ధతి. చంద్రుడు ఒక్కడే గనుక శశివాచకము లన్నియు ఒకటిని, మన్మథుని బాణము లయిదు గనుక బాణవాచకము లన్నియు అయిదును, వేదములును సముద్రములును నాలుగును, ఆకాశవాచకములు సున్నను తెలుపును. అంకెలు ఒకట్ల స్థానమునుండి ప్రారంభమై ఎడమకు నడచును. ఇందలి ప్రయోజనము అలంకారము మాత్రమే యని తలచుట పొరబాటు. తాళపత్రముపై అంకెలతో వ్రాసిన యిరువది స్థానముల సంఖ్యలో లేఖకుడు ఒక యంకెను తారుమారు చేసినచో ఆ తప్పును పట్టుకొనుటకు చదువరికి ఆధార మేమియు నుండదు. చంపకమాలలో ఒక పదము జారినచో గణము చెడును, యతి తప్పును, ప్రాస పోవును, వినినవాడు వెంటనే గుర్తించును. అంకెకు పర్యాయపదములు పెక్కులుండుటచే గురువు కావలసినచోట ఒక మాటను, లఘువులు కావలసినచోట వేరొక మాటను ఎన్నుకొను వెసులుబాటు కవికి దొరకినది. ఒకమారు కుదిరిన పిమ్మట ఆ సంఖ్యకు ఛందస్సే కాపలా.

ఇక ఈ సంఖ్య జన్మవృత్తాంతము. చదరంగమును కల్పించిన మేధావిని రాజు ఏమి కావలెనో కోరుకొమ్మనగా, అతడు పలకపై మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు ప్రతి గడికిని మునుపటి దానికి రెట్టింపు చొప్పున అరువది నాలుగు గళ్లకును ధాన్యము కోరెననియు, రాజు దానిని అల్పమని నవ్వి పిమ్మట భాండాగారములు చాలక విస్తుపోయెననియు దేశదేశముల కథలు గలవు. సుమారు 1000 సంవత్సర ప్రాంతమున అల్‌బిరూనీ తన ప్రాచీన జాతుల కాలనిర్ణయ గ్రంథమున ఈ మొత్తమును సరిగా లెక్కించి చూపినాడు. కథలోని గింజలను బియ్యపు గింజలుగా భావించి, కిలోకు యాబదివేల గింజలని స్థూలముగ నెన్నినచో ఈ సంకలితము సుమారు 36,900 కోట్ల టన్నులగును. నేడు ప్రపంచమంతయు కలిసి ఏటేట పండించు బియ్యము యాబది కోట్ల టన్నులకు కొంచెము పైబడి యున్నది గనుక, ఇది దాదాపు ఏడువందల ఏండ్ల పంట.

కథ చెప్పువారందరును సామాన్యముగ ఇచ్చటనే ఆగిపోవుదురు. నా విన్నపము ఇచ్చటనే ప్రారంభమగుచున్నది. పెద్దదనుట ఒక సంఖ్యకు గుణములలో కెల్ల అల్పమైన గుణము. దీనికంటె పెద్ద సంఖ్య కావలెనన్నచో ఒకటి కలిపిన చాలును. ఆ సంఖ్య దేనితో నిర్మితమైనది, దేనిచే భాగింపబడును, ఏ కుటుంబమునకు చెందినది, ఏ నియమమును పాలించుచు ఎచ్చట ఆ నియమమును ఉల్లంఘించుచున్నది అను ప్రశ్నలకు సమాధానము దొరకినప్పుడే దానిని మనము ఎరిగిన వారమగుదుము. మల్లన చంపకమాలలోని సంఖ్య ఆ విధమైన పరిచయమునకు మిక్కిలి అర్హమైనది.

మొదట దానిని కట్టు విధానము. అరువది నాలుగు గళ్లలోని గింజలను విడివిడిగా లెక్కించి కూడనక్కరలేదు. ఏ గడిని తీసికొన్నను, అందలి గింజలు అంతకుముందున్న గళ్లన్నింటి మొత్తముకంటె సరిగా ఒకటి ఎక్కువ. నాలుగవ గడిలో ఎనిమిది, ముందున్న మూటిలో ఒకటి, రెండు, నాలుగు కలిసి ఏడు. కావున అరువది నాలుగు గళ్ల మొత్తమును తెలిసికొనుటకు, లేని అరువది యైదవ గడిలో ఎన్ని గింజలుండవలెనో కనుగొని అందుండి ఒకటి తీసివేసిన చాలును. ఆ గడిలోనివి రెండును అరువది నాలుగు మారులు వేసి గుణింపగా వచ్చునన్ని. దీనికి కూడ అరువది మూడు గుణకారములు పనిలేదు. ఛందశ్శాస్త్రకర్త పింగళుడు వృత్తములను లెక్కించుటకై చెప్పిన ఉపాయ మొకటి కలదు: ఘాతాంకమును సగము చేయగలిగినంతవరకు సగము చేయుచు పోయి, తిరిగి వచ్చునప్పుడు ప్రతి సగమునకును ఒక వర్గము చేయవలెను. అరువది నాలుగు ఆరుమారులు సగమై ఒకటికి దిగును. కనుక రెండును ఆరుమారులు వర్గించిన చాలును. రెండు వర్గము నాలుగు. నాలుగు వర్గము 16. దాని వర్గము 256. దాని వర్గము 65,536. దాని వర్గము 4,29,49,67,296. దాని వర్గము మన సంఖ్యకు ఒకటి ఎక్కువైన 18446744073709551616. ఆరు గుణకారములలో పని ముగిసినది. పెద్ద ఘాతముల గణనకు నేటి యంత్రములును ఈ మార్గమునే అనుసరించుచున్నవి.

పింగళుని లెక్క గురులఘువుల లెక్క. ఒక అక్షరము గురువైనను కావలెను, లఘువైనను కావలెను. కావున పాదమునకు ఒక్కొక్క యక్షరము పెరిగినకొలది సాధ్యమగు సమవృత్తములు రెట్టింపగుచు పోవును. ఇరువదియొక్క అక్షరముల ప్రకృతి ఛందమునకు చెందిన చంపకమాల 20,97,152 వృత్తములలో ఒకటి. ఉక్తమొదలు ఉత్కృతివరకు, అనగా ఒక యక్షరము మొదలు ఇరువదియా రక్షరములవరకు గల ఛందములలోని సమవృత్తము లన్నియు కలిసి 13,42,17,726. ఈ సంఖ్యయు గుణశ్రేఢి సంకలితమే. చదరంగపు సంకలితమును చెప్పు పద్యము తానును అదే విధమగు గుణశ్రేఢిలో ఒక బిందువై యుండుట నాకు ఎప్పుడు తలచుకొన్నను సంతోషము కలిగించు విషయము.

ఇక కారణాంకముల విచారము. చివరి యంకె అయిదు గనుక ఇది అయిదుచే భాగింపబడును. ఇరువది యంకెలను కూడినచో 87 వచ్చును. అది మూడుచే భాగింపబడి తొమ్మిదిచే భాగింపబడదు గనుక మన సంఖ్యయు అట్లే. ఇంతవరకు బడిపిల్లలకు తెలిసిన పరీక్షలు చాలును. అటుపైన దారి చూపునది ఒక చిన్న సూత్రము: ఒక సంఖ్య వర్గమునుండి ఒకటి తీసివేసినచో మిగులునది, ఆ సంఖ్యకు ఒకటి తక్కువైన దానిని ఒకటి ఎక్కువైన దానితో గుణింపగా వచ్చు లబ్ధము. మన సంఖ్య 4,29,49,67,296 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ గనుక, 4,29,49,67,295ను 4,29,49,67,297తో గుణింపగా వచ్చినది. ఈ రెండింటిలో చిన్నది మరల 65,536 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ; కనుక అది 65,535, 65,537 అను రెండింటి లబ్ధము. 65,535 మరల 255, 257ల లబ్ధము. 255 పదునైదు, పదునేడుల లబ్ధము. పదునైదు మూడు, అయిదుల లబ్ధము. మెట్లు దిగివచ్చి చూడగా, మన మహాసంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు సంఖ్యల లబ్ధముగ తేలినది. ఇరువది యంకెల సంఖ్య యింత సులభముగ విడిపోవుట సాధారణముగ జరుగదు. అదే పరిమాణము గల వేరొక సంఖ్యను యాదృచ్ఛికముగ తీసికొని కారణాంకములు కనుగొనుమన్నచో, యంత్రసహాయము లేని గణకునకు అది నెలల పని కావచ్చును.

ఈ ఆరింటిలో మొదటి యైదును ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటిచేతను తమచేతను తప్ప వేరొక దానిచే భాగింపబడనివి. ఆరవది? ఈ ప్రశ్నకు ఒక చరిత్ర గలదు.

ఫ్రాన్సు దేశమున తులూజు నగరమున న్యాయాధికారిగ నుండి తీరిక వేళల గణితము చేసిన పియర్ ద ఫెర్మా 1640 ప్రాంతమున మిత్రులకు వ్రాసిన లేఖలలో ఈ సంఖ్యల వరుసను ప్రస్తావించినాడు. రెండును, దాని వర్గమును, ఆ వర్గముయొక్క వర్గమును, ఇట్లు వరుసగ తీసికొని ఒక్కొక్క దానికి ఒకటి చేర్చినచో వచ్చునవన్నియు ప్రధాన సంఖ్యలే యగునని అతడు విశ్వసించెను. నిరూపణము తనకు దొరకలేదని ఒప్పుకొనుచునే విశ్వసించెను. మూడు, అయిదు, పదునేడు, 257, 65,537 అతని పక్షమున సాక్ష్యము చెప్పుచుండగా సందేహింపవలసిన అవసరము ఎవరికిని కనబడలేదు. తొంబది యేండ్ల పిమ్మట, 1729లో, గోల్డ్‌బాక్ అను గణితజ్ఞుడు యువకుడైన లియొనార్డ్ ఆయిలరునకు వ్రాసిన లేఖలో, ఫెర్మా చెప్పిన ఈ మాట మీరెరుగుదురా యని ప్రశ్నించెను. ఆయిలరు మొదట అంత శ్రద్ధ చూపకున్నను, ప్రశ్న అతని మనస్సున నిలిచిపోయెను. 1732లో సెంట్ పీటర్స్‌బర్గు విజ్ఞాన పరిషత్తునకు సమర్పించిన వ్యాసమున, 4,29,49,67,297 ప్రధాన సంఖ్య కాదనియు, 641చే నిశ్శేషముగ భాగింపబడుననియు ప్రకటించెను. భాగఫలము 67,00,417.

అన్ని సంఖ్యలుండగా 641ని అతడెట్లు పట్టెను? పిమ్మట వ్రాసిన మరొక వ్యాసమున మర్మము విప్పినాడు. ఫెర్మా వరుసలోని ఈ ఆరవ సంఖ్యకు ప్రధాన భాజకము ఏది యున్నను, దానిని 64చే భాగింపగా ఒకటి శేషింపవలెనని ఆయిలరు నిరూపించెను. ఆ నియమమునకు లోబడిన సంఖ్యలు 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందు సంయుక్త సంఖ్యలను తొలగింపగా మిగులునవి 193, 257, 449, 577, 641 అను ఐదు మాత్రమే. మొదటి నాలుగు విఫలమయ్యెను, అయిదవది ఫలించెను. వేలకొలది భాగహారములు చేయవలసిన పనిని ఒక్క ఆలోచన అయిదు భాగహారములకు తగ్గించినది. గణితమున ఆలోచనకును శ్రమకును గల సంబంధము నింత స్పష్టముగ చూపు ఉదాహరణము నాకు వేరొకటి తెలియదు.

ఇంతకును భాగహారమైనను చేయకయే 641 ఈ సంఖ్యను భాగించునని చూపు చమత్కార మొకటి తరువాతి గణితజ్ఞులు చెప్పినారు. అది చెప్పక విడుచుటకు మనసొప్పదు. 641 అనగా 640కి ఒకటి ఎక్కువ. 640 అనగా అయిదును 128తో గుణింపగా వచ్చునది. 128 రెండుయొక్క ఏడవ ఘాతము. మరియు 641 అనగా 625, 16ల మొత్తము. 625 అయిదుయొక్క నాలుగవ ఘాతము, 16 రెండుయొక్క నాలుగవ ఘాతము. 640ని 641చే భాగించినచో ఒకటి తక్కువ పడుచున్నది గనుక శేషమును ఋణము ఒకటి యని గ్రహింతము. ఋణము ఒకటిని నాలుగు మారులు గుణించినచో ధనము ఒకటి. కావున 640 యొక్క నాలుగవ ఘాతమునకు శేషము ఒకటి. ఆ నాలుగవ ఘాతము 625ను రెండుయొక్క ఇరువది యెనిమిదవ ఘాతముతో గుణింపగా వచ్చినది. అందు 625కు బదులు ఋణము 16ను నిలుపవచ్చును, ఏలయన 625, 16ల మొత్తము 641 గనుక ఆ మొత్తమునకు శేషము సున్న. పదునారు రెండుయొక్క నాలుగవ ఘాతము. ఇరువది యెనిమిదికి నాలుగు చేర్చినచో ముప్పది రెండు. అనగా రెండుయొక్క ముప్పది రెండవ ఘాతమును ఋణము చేసినచో శేషము ఒకటి. దానికి ఒకటి చేర్చిన సంఖ్య 641చే నిశ్శేషముగ భాగింపబడును. ఆ సంఖ్యయే 4,29,49,67,297. చెవితో విని వెంటనే అందుకొనుట కష్టమగువారు కాగితముపై ఈ నాలుగు మెట్లను వ్రాసి చూచుకొన్నచో, పది నిమిషములలో స్వాధీనమగును.

641యు, 67,00,417యు రెండును ప్రధాన సంఖ్యలే. కావున మల్లన పద్యములోని సంఖ్యకు ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఇందు ఏ కారణాంకమును రెండుమారులు రాలేదు; అందుచే ఈ సంఖ్య వర్గభాజక రహితమైనది, అనగా ఒకటి తప్ప వేరొక పూర్ణవర్గము దీనిని భాగింపదు. ఏడు ప్రధానములలో ప్రతి దానిని చేర్చుకొనవచ్చును, విడువవచ్చును. కావున దీని భాజకములు, ఒకటియు తానును కలుపుకొని, రెండుయొక్క ఏడవ ఘాతమగు 128. గురులఘువుల ప్రస్తారమే యిచ్చట భాజకముల ప్రస్తారమైనది.

క్రీస్తుశకారంభమునకు సమీపమున గ్రీకు గణితజ్ఞులు, ముఖ్యముగ నికోమాకస్, సంఖ్యలను మూడు తెగలుగ విభజించిరి. తనను విడిచి తక్కిన భాజకముల మొత్తము తనకు సమానమైనచో పరిపూర్ణ సంఖ్య, మించినచో అధిక సంఖ్య, తగ్గినచో న్యూన సంఖ్య. మన సంఖ్యకు నూట యిరువది యెనిమిదింటిలో తానుగాక తక్కిన భాజకముల మొత్తము తనలో నూటికి డెబ్బది పాళ్లకు కొంచెము పైన మాత్రమే యుండును. కనుక ఇది న్యూన సంఖ్య. పరిపూర్ణతకును దీనికిని ఒక దూరబంధుత్వము లేకపోలేదు. రెండుయొక్క ఘాతమునుండి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్య ప్రధానమైనప్పుడెల్ల ఒక పరిపూర్ణ సంఖ్య పుట్టునని యూక్లిడు చూపినాడు. కాని అందుకు ఘాతాంకము ప్రధానమై యుండుట తప్పనిసరి. అరువది నాలుగు ప్రధానము కానందున చతురంగ సంకలితమునకు ఆ యోగము లేదు. చదరంగమునకు అరువది యొక్క గళ్లే యుండినచో కథ మారెడిది: రెండుయొక్క అరువది యొకటవ ఘాతమునకు ఒకటి తక్కువైన సంఖ్య ప్రధానమని 1883లో రష్యా దేశీయుడైన పెర్వుషిన్ అను మతాచార్యుడు నిరూపించెను.

సంఖ్యాశాస్త్రమునుండి రేఖాగణితమునకు పోవు ద్వారము కూడ ఈ సంఖ్యలోనే యున్నది. 1796లో, పందొమ్మిది యేండ్లైనను నిండని కార్ల్ ఫ్రీడ్రిక్ గౌస్, పదునేడు భుజములు గల సమబహుభుజిని వృత్తలేఖినియు కొలతలు లేని బద్దయు మాత్రమే యుపయోగించి గీయవచ్చునని కనుగొనెను. యూక్లిడు కాలమునుండి రెండువేల యేండ్లుగ ఎవ్వరును ముందడుగు వేయలేని విషయమిది. 1801లో వెలువడిన తన గ్రంథమున గౌస్ తెల్పిన నియమ ప్రకారము, బేసి భుజముల సమబహుభుజి ఆ విధముగ గీయుటకు సాధ్యమగుట, భుజముల సంఖ్య భిన్నభిన్నములగు ఫెర్మా ప్రధానముల లబ్ధమైనప్పుడే. ఇతర సందర్భములలో సాధ్యము కాదనుటకు పూర్ణ నిరూపణమును 1837లో వాంట్‌సెల్ ఇచ్చెను. నేటివరకు తెలిసిన ఫెర్మా ప్రధానములు మన సంఖ్యలోని మూడు, అయిదు, పదునేడు, 257, 65,537 మాత్రమే. ఈ యైదింటిని వివిధముగ కూర్పగా వచ్చు లబ్ధములు ముప్పది యొకటి. కావున మన సంఖ్య యొక్క నూట యిరువది యెనిమిది భాజకములలో ముప్పది యొకటి మాత్రము వృత్తలేఖినికి లొంగు బహుభుజులను సూచించును. 641 గాని, 67,00,417 గాని చేరిన భాజక మేదియు లొంగదు. ముప్పది యొకటిలో పెద్దది 4,29,49,67,295 భుజములది. హెర్మెస్ అను జర్మను గణితజ్ఞుడు 65,537 భుజముల ఆకృతిని నిర్మించు విధానమును వ్రాయుటకు పదియేండ్లు వెచ్చించినాడు; ఆ వ్రాతప్రతి గ్యోటింగెన్ విశ్వవిద్యాలయమున భద్రపరచబడినది. ఆ శ్రమను వ్యర్థమనువారితో నేను ఏకీభవింపలేను. సాధ్యమని తెలిసిన దానిని సాధించి చూపుట కూడ శాస్త్రధర్మమే.

ఇంతవరకు సంఖ్యను పది ఆధారముగ వ్రాసికొన్నాము. అది మన వ్రేళ్ల సంఖ్యను బట్టి వచ్చిన యాచారము. సంఖ్యయొక్క స్వభావము కాదు. రెండు ఆధారముగ, ఒకట్లును సున్నలును మాత్రమే వాడి వ్రాసినచో, చిక్కుపడినట్లు కనబడిన యిరువది యంకెల సంఖ్య వరుసగా అరువది నాలుగు ఒకట్లుగ మారిపోవును. గడికి ఒకటి చొప్పున పలకయంతయు నిండును. పదునారు ఆధారముగ వ్రాసినచో అత్యధిక విలువ గల యంకె పదునారు మారులు వచ్చును. ఎటునుండి చదివినను ఒకటే యగు ఇట్టి సంఖ్యలపై మల్లనకు మూలమైన మహావీరాచార్యునకు విశేషమైన ప్రీతి యుండెను. గుణకారమును నేర్పునప్పుడు, లబ్ధము హారమువలె ఇరుప్రక్కల సమముగ నుండు లెక్కలను ఏరి కూర్చి, వానికి కంఠాభరణముల పేర్లు పెట్టినాడు. అందు ఒకటి 12345654321. ఒకటినుండి ఆరువరకు ఎక్కి మరల ఒకటికి దిగు ఈ సంఖ్య 27994681ను 441తో గుణింపగా వచ్చును. ఆరు ఒకట్ల సంఖ్యయగు 111111 యొక్క వర్గము కూడ నిదియే. దశాంశ పద్ధతిలో చూచువారికి మల్లన సంఖ్య హారము కాదు. రెండు ఆధారముగ చూచువారికి అంతకుమించిన హారము లేదు. దాని ఫెర్మా కారణాంకములు కూడ ఆ దృష్టిలో చక్కనివే: మూడు 11గను, అయిదు 101గను, పదునేడు 10001గను, 257 నడుమ ఏడు సున్నలతోను కనబడును. 641 మాత్రము 1010000001 అయి మూడు ఒకట్లు గలదై, ఆ వరుసకు చెందనిదని తన్ను తానే తెల్పుకొనును.

అరువది నాలుగు స్థానములలో సంఖ్యలను నిలుపుకొను నేటి గణకయంత్రములకు, ఋణసంఖ్యలను విడిచినచో, ఒక్క గదిలో పట్టు అత్యధిక సంఖ్య ఇదియే. దీనికి ఒకటి చేర్చినచో ఒకట్లన్నియు సున్నలై, హస్తగతము నిలుచుటకు స్థానము లేక, గదిలో శూన్యము మిగులును. ఆ యంత్రములకు ఆజ్ఞలు వ్రాయుచు జీవించు తెలుగు యువతీయువకులు దేశమునను విదేశములను వేలకొలది గలరు. తాము నిత్యము ఎదుర్కొను ఈ యవధిని తమ భాషలో చంపకమాలగ చెప్పియున్నారని వారిలో ఎంతమంది ఎరుగుదురో!

ఫ్రాన్సు దేశీయుడైన ఎదువార్ ల్యూకా 1883లో ప్రకటించిన హనోయి గోపురము అను ఆటకు తోడుగ ఒక కథ ప్రచారమునకు వచ్చినది. కాశిలో ఒక దేవాలయమున మూడు సూదులును, ఒక సూదిపై అరువది నాలుగు బంగారు బిళ్లలును కలవనియు, పెద్దబిళ్లను చిన్నదానిపై ఉంచకుండ వాని నన్నింటిని వేరొక సూదికి మార్చుట ముగిసిననాడు లోకము అంతమగుననియు ఆ కథ. కాశికిని ఈ బిళ్లలకును నిజమైన సంబంధ మేమియు లేదు. కాని లెక్క మాత్రము సత్యము. ఒక బిళ్ల పెరిగినప్పుడెల్ల, పైనున్న వానిని ఒకమారు ప్రక్కకు మార్చి, అడుగుదానిని కదిల్చి, మరల వానిని దానిపైకి మార్చవలెను. కావున కదలికలు రెట్టింపై, ఒకటి చేరును. అరువది నాలుగు బిళ్లలకు కావలసిన కనీసపు కదలికలు మన సంఖ్యయే. సెకనుకు ఒకటి చొప్పున నడపినను 58,000 కోట్ల యేండ్లు దాటును.

ఇరుగుపొరుగు సంఖ్యలను గూర్చి ఒక మాట. మన సంఖ్యకు దిగువన మొదటి ప్రధాన సంఖ్య 58 స్థానముల దూరమున నున్నది. దాని చివరి అంకెలు 557. ఎగువన మొదటి ప్రధాన సంఖ్య 14 స్థానముల దూరమున నున్నది; దాని చివరి అంకెలు 629. నడుమ నున్న వన్నియు సంయుక్త సంఖ్యలే. మన సంఖ్యకు రెండు చేర్చినచో ఫెర్మా వరుసలోని ఏడవ సంఖ్య వచ్చును. దానికి 2,74,177 ఒక కారణాంకమని 1880లో లాండ్రీ ప్రకటించెను. వృద్ధాప్యమున, యంత్రము లేక, చేతివ్రాత లెక్కతో సాధించిన ఫలితమది. ఇట్లు ఫెర్మా విశ్వాసము మరియొక మెట్టున కూడ విఫలమైనది. ఆ వరుసలో అటుపైన నేటివరకు పరీక్షకు లొంగిన ఏ సంఖ్యయు ప్రధానమని తేలలేదు. అట్టివి ఇక లేనే లేవనుటకు నిరూపణమును లేదు. ఆ ప్రశ్న నేటికిని తెరచియే యున్నది.

పాఠశాలలలో గణితమును, తెలుగును బోధించు ఉపాధ్యాయులకు నా మనవి యొకటి. గుణశ్రేఢి పాఠము వచ్చినప్పుడు మల్లన పేరిట నున్న ఆ చంపకమాలను తెలుగు పండితులు గణములతో వివరించి చెప్పుదురుగాక. ఆ గంట ముగియగానే గణితోపాధ్యాయులు వచ్చి, ఆ సంఖ్యను ఆరు వర్గములతో కట్టి చూపి, మెట్లు దిగి కారణాంకములుగ విడదీయుదురుగాక. రెండు పాఠములను వేర్వేరు గదులలో ఉంచుటవలన రెండును నష్టపోయినవి. పిల్లలచేత యంత్రములను ప్రక్కకు పెట్టించి, మూడు, అయిదు, పదునేడు, 257, 641, 65,537, 67,00,417లను ఒకదానితో ఒకటి కాగితముపై గుణింపజేయుడు. ఒక పూట పట్టును. లబ్ధము పద్యముతో సరిపోలకున్నచో పద్యమును అనుమానింపవలదు. గుణకారమును మరల చేయుడు.